ఎడమ కాలి కడియం

2018లో వానలు వెనకబట్టి, తడింజుట్ దీపాల పండుగ అయిపోయిన పది రోజులకు, యాంగోన్‌లో చిమిండైంగ్ దాటాక నది ఒడ్డున ఉన్న మా పాత శ్మశానంలో షిఫ్టింగ్ పని మొదలైంది. షిఫ్టింగ్ అంటే పాత గోతులు తెరిచి, ఎముకలు ఏరి, కడిగి, కొత్త చోట మళ్లీ పూడ్చడం. ఏటా వానాకాలం నది మూరెడో బారెడో ఒడ్డు తింటూ వచ్చింది. ఆ ఏడు రెండు గోతులు నీళ్లలోకి జారిపోయాయి. దాంతో మా తెలుగు సంఘం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, నది అవతల ట్వంటే వెళ్లే దారిలో కాస్త మెరక భూమి చూశారు. వరసన ఒక్కో ఇంటివాళ్లనూ పిలిచి, వాళ్ల ఎదుటే గొయ్యి తెరవాలని తీర్మానించారు.

నేను ఆ శ్మశానానికి కాపరిని. మా తాత ఓడరేవులో మూటలు మొయ్యడానికి ఈ బర్మా దేశం వచ్చి, నడుం పడిపోయాక ఈ పనిలోకి దిగాడట. ఆయన తర్వాత మా అయ్య. అయ్యకు మగపిల్లలు లేరు గనుక ఆయన తర్వాత నేను. ఆడది గొయ్యి తవ్వడమేమిటని మొదట్లో మూతి తిప్పినవాళ్లే, తర్వాత తమ తల్లుల్ని నా చేతికి అప్పజెప్పారు. మావాళ్లలో కాల్చేవాళ్లూ ఉన్నారు, పూడ్చేవాళ్లూ ఉన్నారు. నా దగ్గరకు వచ్చేది పూడ్చేవాళ్లే. గోతుల నంబర్ల పుస్తకం సంఘం ఆఫీసులో ఉంటుంది. నాకు దానితో పని పడలేదు. ఏ గోతిలో ఎవరు, ఏ నెలలో పోయారు, ఎంత లోతు తవ్వాను, తల కింద ఏం పెట్టారు అన్నది నోటికి వచ్చు.

మా అయ్య నేర్పిన పనిలో తవ్వడం సగం, చూడకపోవడం సగం. గోతి దగ్గర మనిషి ఏడుస్తుంటే కాపరి వీపు తిప్పి నిలబడాలి. ఏడుపు ఆగేదాకా ఇటు తిరగకూడదు. ఎందుకు వచ్చారు, ఎంతసేపు ఉంటారు అని అడగకూడదు. "ఏడిసీవోళ్లని సూస్తే ఆళ్ల ఏడుపు సగంలో ఆగిపోతాది, అది మన మెడకి సుట్టుకుంటాది" అనేవాడు. ఇన్నేళ్లలో నేను ఆ మాట తప్పలేదు. ఇప్పుడు చెప్పబోయేది ఆ మాట తప్పకపోవడం వల్ల వచ్చిన తంటా.

ఆ షిఫ్టింగ్ రోజుల్లోనే మా అక్క కూతురు మణి ఒక దొరసానిని వెంటబెట్టుకొచ్చింది. మణి టూరిస్టుల ఆఫీసులో పని చేస్తుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. దొరసాని పేరు లేనా. ఉత్తర యూరప్‌లో పాత సమాధులు తవ్వి చదివే ఆర్కియాలజిస్ట్. నలభై దాటి ఉంటుంది, ఎండకు కమిలిన మెడ, గోళ్ల సందుల్లో మట్టి. ఆ మట్టి చూసి నాకు కాస్త నమ్మకం కలిగింది.

"పిన్నీ, నువ్వు గోతులు తెరిసేది సూడాలంటంది. ఏటీ ముట్టుకోదంట," అంది మణి.

"సూసి ఏటి సేస్తాదే?"

"రాసుకుంటాదంట."

"ఎముకలు ఏరేది కూడా రాసుకుంటారేటి? మా అయ్యకి ముందే తెలిస్తే గునపం ఒగ్గీసి కలం పట్టీవోడు."

మణి అది ఇంగ్లీషులో చెప్తే లేనా పెద్దగా నవ్వి, ఒక మూల రాయి మీద కూర్చుంది. వారం రోజులు అలాగే వచ్చి కూర్చుంది. ఎవరైనా ఏడిస్తే నన్ను చూసి తనూ అటు తిరిగేది.

ఆ వారంలోనే సింహాచలమ్మ గారి వంతు వచ్చింది. ఆవిడ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. వాజో నెలలో, కుండపోత వానలో పోయింది. నేను గొయ్యి తవ్వుతుంటే నీళ్లు ఊరిపోయేవి. బకెట్లతో తోడి తోడి పూడ్చాం. కొడుకు పైడిరాజు గారికి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో బట్టల కొట్టు. ఊ పైడిరాజు అంటారు అందరూ. ఊ అంటే బర్మా భాషలో గారు లాంటిది. ఆయన ఆ రోజు తల్లి కాళ్లకు వెండి కడియాలు తన చేత్తోనే తొడిగాడు. ఆవిడ తల్లి ఓడ దిగేటప్పుడు కాళ్లకున్న కడియాలవి. "ఇవి అమ్మతోనే పోవాల" అన్నాడు. ఎవరూ అడ్డం చెప్పలేదు.

కూతురు గౌరి ఆ రోజు లేదు. ట్వంటేలో కుండలు చేసే బర్మా అతన్ని పెళ్లాడిందని అన్నగారు ఆమెను గడప తొక్కనివ్వలేదు, తల్లి పోయిన కబురూ పెట్టలేదు. మూడో రోజు ఎవరి ద్వారానో తెలిసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి గట్టు మీద పడి ఏడ్చింది. నేను వీపు తిప్పుకున్నాను.

తెరిచే రోజున కొడుకు గట్టు మీద నీళ్లు చల్లాక పని మొదలుపెట్టాను. కాళ్ల దగ్గర గుబురుగా పెరిగిన నందివర్ధనం మొక్క ఉంటే నరికి పక్కన పడేశాను. మా పద్ధతి తల వైపు నుంచి కాళ్ల వైపు తవ్వుకుంటూ పోవడం. పుర్రె తీశాను, కొడుకు తాకి దండం పెట్టుకున్నాడు. చేతులు, పక్కటెముకలు, తుంటి వరసగా తీసి తెల్లగుడ్డ మీద పెట్టాను. చీలమండల దాకా వచ్చాను. కుడి కాలికి కడియం ఉంది, బొగ్గులా నల్లబడి. ఎడమ కాలికి లేదు. కడియమే కాదు, పాదమూ లేదు. పిక్క ఎముక వచ్చి మట్టిలో ఆగిపోయింది.

"రెండోదేదీ?" అన్నాడు పైడిరాజు గారు.

"కనపడ్డం నేదు బాబూ."

"నేదంటే? నాను నా సేత్తో తొడిగినాను నూకాలూ! గేటు తాళం నీ దగ్గరుంటాది, గునపం నీ దగ్గరుంటాది. మరేటి, దెయ్యాలెత్తుకెల్లినాయా?"

"దొంగయితే రెండూ పట్టుకెల్తాడు కద బాబూ."

"ఒకటి తీసినాక ఎవలో వచ్చీసుంటారు. తెలివి మాటలు నా కాడ సెప్పకు. మా అమ్మ కాలు కూడా పీకీసినావు."

ఆ చివరి మాటకు నేను గోతిలోంచి పైకి వచ్చేశాను. సంఘం పెద్ద ఊ లచ్చయ్య గారు మధ్యలోకి వచ్చి పని ఆపించారు. అది గురువారం. ఆదివారం సంఘం హాలులో కూర్చుని తేలుద్దాం, అందాకా ఈ గోతి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు అన్నారు. నింద ఖాయమైతే కొత్త భూమి తాళం ఇంకొకరికి పోతుంది, నేనుంటున్న రెండు గదుల ఇల్లూ ఖాళీ చెయ్యాలి. అది ఆయన నోటితో అనలేదు గానీ అందరికీ తెలుసు. ఇల్లు పోతే పోయింది, తలదాచుకోవడానికి మణి ఇల్లుంది. ఆ రోజు చుట్టూ నిలబడ్డ మిగతా ఇళ్లవాళ్లు ఒక్కసారిగా తలలు తిప్పి తమతమ గోతుల వైపు చూసుకున్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అది. సాయంత్రానికి మూడిళ్లవాళ్లు వచ్చి, మా పెద్దవాళ్ల పని తర్వాత చూద్దాంలే అని చెప్పి వెళ్లారు.

నేను గోతి మీద టార్పాలిన్ కప్పాను. చీలమండలకు అవతల మూరెడు మట్టి ఇంకా తవ్వకుండా గోడలా నిలబడే ఉంది.

మర్నాడు పొద్దున్నే లేనా, మణి వచ్చారు. నేను టీ కాచి ఇచ్చాను. లేనా టీ తాగకుండా నోటు పుస్తకం తీసి ఒక బొమ్మ చూపించింది. ఒక గొయ్యి, అందులో ఒక ఆడమనిషి ఎముకలు. మెడ చుట్టూ పూసలు ఉన్నాయి. ఛాతీ దగ్గర మాత్రం ఎముకలు చెదిరి ఉన్నాయి.

"ఇది ఆళ్ల దేశంలో సమాధి పిన్నీ. రోము రాజ్యం కూలిపోయినాక వచ్చిన మనుషులది, పద్నాలుగు వందల ఏళ్ల కిందటిది," అని మణి చెప్పడం మొదలుపెట్టింది. "ఆళ్ల గురించి ఆళ్లు రాసుకున్నది తక్కువంట. తర్వాతోళ్లు దానికి సీకటి కాలం అని పేరెట్టీసినారు. మోటు మనుషులు, ఏటీ తెలీనోళ్లు అని. ఈ మద్దిన తవ్వి సూస్తే అలగ కాదంట. ఆళ్ల ఆడోళ్లు బట్టలకి పెట్టుకునే పిన్నుల్లో ఎర్ర రాళ్లు పొదిగుంటాయి. అందులో కొన్ని రాళ్లు మన ఇండియా వైపునించి ఎల్లినాయంట."

"మనమే ఓడలెక్కినామనుకున్నాను. మనకన్నా ముందు రాళ్లెల్లినాయన్నమాట."

"అసలు సంగతి ఇది కాదు. ఇలాటి గోతులు ఊరూరా ఉన్నాయంట. పూడ్చినాక మళ్లీ ఎవలో తెరిసినవి. తవ్విన పెద్ద పెద్ద సదువుకున్నోళ్లందరూ దొంగలు అని రాసీసినారు. రాజుల చట్టాల్లో కూడా సమాధులు దోసీవోళ్లకి శిక్షలున్నాయి, అందుకని ఇంక ఆలోచించనేదు. నూరేళ్లు అదే మాట."

"మరిప్పుడు?"

మణి అడిగింది. లేనా బొమ్మ మీద వేలు పెట్టి నెమ్మదిగా చెప్పింది. మణి ఒక్కో ముక్కా నాకు చెప్పింది. ఆ గోతులు తెరిచినవాళ్లు చాలా చోట్ల పూడ్చిన కొద్ది ఏళ్లకే తెరిచారట. తల ఎక్కడుందో, ఛాతీ ఎక్కడుందో వాళ్లకు తెలుసు, తిన్నగా అక్కడికే తవ్వారు. కొన్ని చోట్ల ఛాతీ మీది పిన్నులు తీసుకుని, మెడలోని పూసలూ బంగారు బిళ్లలూ ముట్టుకోకుండా వదిలేశారు. మగవాళ్ల గోతుల్లో కత్తి తీసుకుని మిగతావి వదిలేశారు. ఇది ఒక ఊళ్లో కాదు, ఎన్నో దేశాల్లో. దొంగలూ ఉండి ఉంటారు, కాదనలేం. కానీ బంగారం వదిలేసి పోయేవాడు ఏం దొంగ? అందుకని ఇప్పుడు వాళ్లలో చాలామంది, ఇవి అయినవాళ్లే తెరిచినవి అయి ఉండాలని అంటున్నారట.

"అంటే అయినోళ్లకి నూరేళ్లు దొంగలన్న పేరు," అన్నాను.

"అవును పిన్నీ. ఆ పేరు మట్టి ఎట్టింది కాదు. మట్టిని సరిగ్గా సూడనోళ్లు ఎట్టింది."

అప్పుడు లేనా టార్పాలిన్ వైపు చూపించి, ఆ గోడ చూడనిస్తారా అని అడిగింది. నా చేతిలో ఏముంది? మణి వెళ్లి లచ్చయ్య గారిని తీసుకొచ్చింది. ఆయన చేతికర్ర నేలకు ఆనించి, "సూడమను. నా ఎదురుగా సూడమను. నూకాలు మాత్రం గోతిలోకి దిగకూడదు," అన్నారు. నేను గట్టు మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి నా గోతిలో వేరే మనిషి దిగింది.

లేనా దగ్గర ట్రోవెల్ అని అరచేతంత తాపీ ఉంది. దాంతో ఆ మట్టి గోడను పైనుంచి కిందకు నున్నగా చెక్కింది. తవ్వకుండా నిలబెట్టిన ఆ గోడను వాళ్లు సెక్షన్ అంటారు. కేకు కోసినట్టు పొరలు కనిపిస్తాయి. నేను ఎన్ని గోతులు తవ్వానో లెక్క లేదు, ఒక్క గోడనూ నిలబెట్టి చూడలేదు. గోడ మిగిలిందంటే పని మిగిలిందనే మాకు లెక్క.

చెక్కాక నాకే కనిపించింది. కుడి వైపు మట్టి బూడిద రంగు, గడ్డలు గడ్డలు, జిగురు. ఎడమ వైపు మట్టి గోధుమ రంగు, పొడి పొడి. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా.

"కుడేపుది నాను వానలో పూడ్చిన మట్టి," అన్నాను గట్టు మీంచే. "ఎడమేపుది ఎండల్లో పూడ్చింది. అది నా మట్టి కాదు."

మణి చెప్పగానే లేనా తల పైకెత్తి నన్ను చూసి, ట్రోవెల్‌తో గాల్లో టిక్కు కొట్టింది. తర్వాత ఆ పొడి మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే తీసుకుంటూ పోయింది. మనిషి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపితే పట్టేంత చిన్న గొయ్యి బయటపడింది. పక్క గోడల మీద తవ్విన పనిముట్టు గుర్తులు ఇంకా ఉన్నాయి, సన్నగా, వంపుగా. మా పార వెడల్పుగా, తిన్నగా పడుతుంది. నా పారను తెప్పించి పక్కన పెట్టి చూశారు లచ్చయ్య గారు. పొంతన లేదు. ఆ వంపు గుర్తు నేనెక్కడో చూశాను గానీ అప్పటికి తట్టలేదు.

అడుగున ఒక మూట దొరికింది. నైలాన్ చీర ముక్క, నీలం మీద తెల్లపూలు, అంచు పచ్చది. మట్టి అన్నీ తింటుంది గానీ నైలాన్‌ను తినదు, అది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. లేనా ఆ గుడ్డను చూసి ఏదో అంటే మణి నవ్వేసింది.

"ఆళ్ల పాతకాలపోళ్లకి నైలాన్ ఉంటే తన పని సగం తగ్గిపోను అంటంది."

మూట విప్పింది. లోపల పసుపు మరక, పాదం ఎముకలు. లేనా వాటిని ఒక్కొక్కటే వరసగా పేర్చింది. మడమ, మధ్య ఎముకలు, వేళ్లవి, చిటికెన వేలి చివర బియ్యపుగింజంత ముక్కతో సహా. మనిషి పాదంలో ఇరవై ఆరు ఎముకలుంటాయట. ఇరవై ఆరూ ఉన్నాయి.

లచ్చయ్య గారు వంగి ఆ ఎముకలను తనూ లెక్కపెట్టారు. చివరకు, "దొంగకి ఇంత ఓపికుండదు," అన్నారు. "అయినా నూకాలూ, ఆదివారం పైడిరాజు అడిగీది ఒకటే మాట. మరెవలు?"

లేనా చెప్పింది: ఎప్పుడు తెరిచారో, ఎలా తెరిచారో మట్టి చెప్తుంది. మాంసం కరిగిపోయాకే తెరిచారు, అందుకే ఎముకలు ఏరుకోగలిగారు. ఎవరో, ఎందుకో మాత్రం మట్టి చెప్పదు. తను ఇరవై ఏళ్లుగా ఆగిపోయేది అక్కడే. అడగడానికి ఆ మనుషులెవరూ లేరు.

నేను ఆ చిన్న గోతిలోకే చూస్తున్నాను. పొడి మట్టి నిండా సన్నటి వేళ్లు, తలవెంట్రుకల్లా కిందిదాకా దిగి ఉన్నాయి. పక్కన బూడిద మట్టిలో ఒక్క వేరు లేదు. మొక్క మెత్తటి చోటే చూసుకుని దిగింది. నిన్న నేను నరికి పడేసిన నందివర్ధనం వేళ్లవి. ఆ మొక్క పాతినదెవరో నాకు తెలుసు.

సింహాచలమ్మ గారు పోయిన రెండో ఏడు, తబౌంగ్ నెల ఎండల్లో గౌరి వచ్చింది. బుట్టలో మొక్క, నీళ్ల కుండ, చిన్న పార. నిండు చూలాలు. "అమ్మ కాళ్లకాడ మొక్కెట్టుకుంటాను అప్పా" అంది, అక్కను పిలిచినట్టు. పెట్టుకోమన్నాను. కాసేపటికి ఏడుపు వినిపించింది. నేను వీపు తిప్పుకుని నూతి దగ్గర బట్టలు ఉతుక్కున్నాను. ఏడుపు చాలాసేపు ఆగలేదు. నేనూ చాలాసేపు ఇటు తిరగలేదు. ఆ తర్వాత రెండు వేసవులు ఆ మొక్కకు నీళ్లు పోసిందీ నేనే.

లచ్చయ్య గారి ఎదుట ఈ మాట పైకి అనలేదు. శనివారం మణిని తీసుకుని రేవులో పడవెక్కి, అవతల బస్సెక్కి ట్వంటే వెళ్లాను. గౌరి ఇంటి ముందు పచ్చి కుండలు ఆరబెట్టి ఉన్నాయి. గోడకు మట్టి చెక్కే పార ఆనించి ఉంది, సన్నగా, వంపుగా. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వంపు ఆ రోజు గౌరి బుట్టలో ఉన్న పారది.

నన్ను చూడగానే గౌరి చేతిలో మట్టి ముద్ద కింద పెట్టేసింది.

"తెరిసీసినారా అప్పా?"

"తెరిసినాం."

"అన్నయ్య నిన్నన్నాడా?"

"ఆదివారం సంఘంలో నన్ను నిలబెడతాడు."

ఆమె లోపలికి వెళ్లి, బియ్యం కుండలోంచి కడియం తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. బాగా తోమి ఉంది, తెల్లగా.

"మొదటి కాన్పు పోయింది. రెండోదీ పోయింది. మా అమ్మని కన్నప్పుడు మా అమ్మమ్మకి, నన్ను కన్నప్పుడు మా అమ్మకి ఈ కడియం ముంచిన నీళ్లే తాపినారు. మూడోసారి నాకు భయమేసింది అప్పా. అమ్మనే అడిగినాను. ఒకటి నాకియ్యి, ఒకటి నువ్వుంచుకో అన్నాను. పాదం తప్పించకుండా కడియం రానేదు. అందుకని ఎముకలన్నీ ఏరి, పసుపేసి మూటగట్టినాను."

"నన్నడగాల్సింది కదే."

"అడిగితే నువ్వు కాదనాల. నువ్వు కాదన్నాక నాను తవ్వలేను." ఆగి మళ్లీ అంది, "నువ్వు ఈపు తిప్పుతావని తెలుసు."

నాకు తిట్టు తగిలినట్టే అయింది గానీ, అందులో తప్పు మాట ఏముంది? గుమ్మం దగ్గర ఏడేళ్ల ఆడపిల్ల నిలబడి మమ్మల్ని చూస్తోంది. ముక్కు అచ్చం సింహాచలమ్మ గారిది.

"పట్టుకెల్లప్పా. నీ పేరు దక్కించుకో. నా పేరొక్కటి సెప్పకు. నానే తీసినానని తెలిస్తే అమ్మని మళ్లీ పూడ్చీకాడికి కూడా నన్ను రానియ్యడు."

"నీ పేరు సెప్పకుండా ఇది పట్టుకెల్తే, దొంగ సొత్తు తిరిగిచ్చింది అంటారు నన్ను," అన్నాను. కడియం ఆమె చేతిలోనే పెట్టేశాను. కొత్త భూమి వాళ్ల దారిలోనే ఉందని, పూడ్చే రోజు కబురు పెడతానని, ఎక్కడ బస్సు దిగాలో మాత్రం చెప్పాను.

తిరుగు పడవలో మణి అడిగింది, "మరి రేపేటి సెప్తావు పిన్నీ?"

"మట్టి సెప్పిందే సెప్తాను."

"అది సాలకపోతే?"

"నీ ఇంట్లో ఒక సాప ఏసుంచు."

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. నేను జరిగినది జరిగినట్టు చెప్పాను. వాన మట్టి, ఎండ మట్టి, పార గుర్తు, ఇరవై ఆరు ఎముకలు. లచ్చయ్య గారు ఔను, నా కళ్లారా చూశాను అన్నారు. లేనా వెనక బెంచీలో కూర్చుంది గానీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

"బాగుంది," అన్నాడు పైడిరాజు గారు. "పాదం మూటగట్టినారు, దండం ఎట్టినారు, కడియం ఎత్తుకెల్లినారు. మర్యాదస్తుడైన దొంగ! ఎవలో సెప్పదేటి మీ మట్టి?"

హాల్లో కొందరు నవ్వారు. నేను సంచీలోంచి ఆ నీలం గుడ్డ తీసి బల్ల మీద పరిచాను. కడగలేదు, ఎలా దొరికిందో అలాగే. ఆయన ఇంకేదో అనబోయి ఆగాడు. దగ్గరకు వచ్చి పచ్చ అంచును రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. బట్టల కొట్టు మనిషి, గుడ్డను మరిచిపోడు. సింహాచలమ్మ గారు ఆ చీరను నిలువునా చింపి, ఒక సగం కొడుకు బిడ్డకు ఉయ్యాల కట్టింది. రెండో సగం కూతురికిచ్చింది. ఇది తర్వాత నాకు గౌరి చెప్పిన సంగతి. ఆ వేళ నాకు కనిపించింది ఆయన వేళ్లు ఆగిపోవడమే.

ఆయన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు.

"ఎవలో తెలిసినాదా పైడిరాజూ?" అడిగారు లచ్చయ్య గారు.

"తెలిసినాది. దొంగ కాదు."

"పుస్తకంలో ఏటని రాయమంటావు?"

బల్ల మీది గుడ్డనే చూస్తూ అన్నాడు, "పేరొద్దు. ఇంటోళ్లు తెరిసినారని రాయండి."

వెనక బెంచీలో మణి ఆ మాట చెప్పగానే లేనా నోటు పుస్తకం తెరిచింది, ఏమీ రాయకుండా మళ్లీ మూసేసింది.

ఆయన నాకు క్షమాపణ చెప్పలేదు. చెప్తాడని నేనూ అనుకోలేదు. మెట్లు దిగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఎప్పుడు పూడుస్తావు?"

"బుధవారం బాబూ."

"ఎన్ని గంటలకి?"

"ట్వంటే బస్సు తొమ్మిదికొస్తాది. అదొచ్చినాక."

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

బుధవారం కొత్త భూమిలో గొయ్యి సిద్ధం చేశాను. ఎముకలన్నీ తెల్లగుడ్డలో వరసగా పెట్టి దింపాను, పాదాన్నీ దాని చోట పెట్టి. బస్సు వచ్చి వెళ్లింది. రోడ్డు దగ్గర గౌరి, ఆమె కూతురు నిలబడ్డారు, దగ్గరకు రాలేదు. పైడిరాజు గారు జేబులోంచి కుడి కాలి కడియం తీశాడు. గోతిలో వెయ్యలేదు. గట్టు మీద పోసిన మట్టి పైన పెట్టాడు. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పలకరించుకోలేదు. ఆయన తిన్నగా నా దగ్గరకు నడిచి వచ్చి, నా పక్కనే, గోతికి వీపు తిప్పి నిలబడ్డాడు.

వెనక అడుగుల చప్పుడు, తర్వాత ఏడుపు.

"అమ్మ కడియాలు పాతిపెట్టమన్లేదు నూకాలూ," అన్నాడు ఎదురుగా పొలాల్లోకి చూస్తూ. "నానే ఎట్టినాను. దానికి దక్కకూడదని."

కాసేపటికి మళ్లీ అడిగాడు, "ఎంతసేపు నిలబడాల ఇలగ?"

"ఏడుపు ఆగిందాకా బాబూ."

ఆగాక ఇటు తిరిగాం. గట్టు మీద కడియం లేదు. గౌరి కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు వైపు నడుస్తోంది. నేను పార తీసుకుని పూడ్చేశాను.

మూడిళ్లవాళ్లూ ఆ వారంలోనే వచ్చి రోజు అడిగి వెళ్లారు. కొత్త భూమి తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏడ్చేవాళ్లకు వీపు తిప్పడం నేను మానలేదు, మా అయ్య మాటలో తప్పు లేదు. మార్చుకున్నది ఒక్కటే. ఇప్పుడు ఏ పాత గొయ్యి తెరిచినా తల నుంచి కాళ్ల దాకా ఒక్క ఊపున తవ్వను. సగం తవ్వి, సగం గోడలా నిలబెట్టి, నున్నగా చెక్కి, ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాను. చూశాకే మిగతా సగం. రెండు రకాల మట్టి కనిపిస్తే దొంగ అన్న మాట ఎవరి నోటా రాకముందే, ఇక్కడ మొక్క ఎవరైనా పాతారా అని అడుగుతాను.

లేనా వాళ్ల దేశం వెళ్లాక కూడా మణి ఫోనుకు కబురు పెడుతూ ఉంటుంది. ఒకసారి అడిగిందట: ఆ రెండు కడియాలూ చివరకు ఏమయ్యాయి? కూతురు తీసుకెళ్లిందా, గోతిలో తల్లి దగ్గర పెట్టిందా?

"నాను సూడనేదని సెప్పు," అన్నాను మణితో. "అంత కావాలంటే పద్నాలుగు వందల ఏళ్లు ఆగమను. ఎవలో ఒకలు తవ్వి సూసుకుంటారు."